సరి బేసి లడ్డూ

బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో వేలంలో 450 రూపాయలకు పోయింది. ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. మా కాలనీ గణపతికి అంత స్తోమత లేదు కనుక లడ్డూకు లక్కీ డ్రా పెట్టుకున్నాం. 200 టికెట్లు, ఒక్కోటి 20 రూపాయలు. నంబర్లు చేత్తో వేద్దామని కోశాధికారి అంటే నాకు నవ్వొచ్చింది. "కంప్యూటర్ ఉన్నది ఎందుకండీ? మైక్రోసాఫ్ట్ వర్డే వేసుకుంటుంది" అన్నాను.

వేసుకోలేదు. వరుస నంబర్లు వేసే కోడ్ ఎస్ఈక్యూ (SEQ) అని రాసి అటూ ఇటూ ఫ్లవర్ బ్రాకెట్లు తగిలిస్తే ఆ బ్రాకెట్లే అచ్చయ్యాయి. వాటిని మనం టైపు చేయకూడదట. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే అదే ఇస్తుందట. అదే బ్రాకెట్టు, అదే వంపు. మనం పెడితే మైల, అది పెడితే మడి.

అర్ధరాత్రి దాటాక మొత్తం ఎంచుకుని ఎఫ్9 నొక్కగానే 001, 002, 003 అంటూ అంకెలు చీమల బారులా సాగాయి. మా ఆవిడను నిద్రలేపి మరీ చూపించాను. ఎడమవైపు టికెట్టు, కుడివైపు డబ్బాలో వేసే చీటీ. నంబరుండగా పేరెందుకని చీటీ మీద పేరు రాసే గీతను నేనే తీసేశాను. 200 టికెట్లకు చివరి అంకె 400 ఎందుకైందో అప్పుడే అడగాల్సింది. వరుస తప్పలేదు కదా అని ముచ్చటపడ్డాను.

నిమజ్జనం రోజు ఒక పాప చీటీ తీసింది. 086. మైకులో మూడుసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. ఇంకోటి తీస్తే 214. అదీ అంతే. 350కి జనం గొణగడం మొదలుపెట్టారు. ముందు వరుసలోంచి రిటైరైన లెక్కల మాస్టారు మెల్లగా లేచి, "అమ్మా, మీలో సరి సంఖ్య ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగారు.

పర్సులూ జేబులూ వెతుక్కున్నారు. ఒక్కటీ లేదు. బేసి అంకెలన్నీ జనం చేతుల్లో, సరి అంకెలన్నీ డబ్బాలో. చీటీ మీద ఎస్ఈక్యూ చివర బ్యాక్‌స్లాష్, సి చేర్చి ఉంటే టికెట్టు నంబరే మళ్లీ పడేది. నేను చేర్చలేదు, అది లెక్క పెట్టుకుంటూ పోయింది.

"టికెట్టు ముందు, చీటీ వెనక. ఒకటి తీసేయండి. మొదట వచ్చింది 086 కనుక లడ్డూ 085ది" అని తీర్పు చెప్పారు మాస్టారు.

అందరూ నా వైపు చూశారు. నేను మా ఆవిడ వైపు చూశాను. పర్సులోంచి సగం పైకి తీసిన టికెట్టును ఆమె మెల్లగా మళ్లీ లోపలికి తోసేసింది.