మంకీ క్యాప్‌కి పడిన గాలం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ సంగతి టెక్సాస్ చలి చెవిన ఎవరూ వేసినట్టు లేదు. శివరాత్రి వెళ్ళిన శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది. మా తోడల్లుడు.

"తమ్ముడూ, లే. లేక్ ఫోర్క్‌లో బాస్ పడుతోందట!"

ఐదు రోజులు ఆఫీసులో ఒక బాస్‌తో వేగినవాణ్ణి, ఆరో రోజు చెరువులో బాస్ అనే చేప కోసం వణుక్కుంటూ వెళ్ళడమేమిటని అడగలేదు. తోడల్లుడి మాట కాదంటే, ఆ కబురు మనం మళ్ళీ ముసుగు తన్నేలోపే అత్తగారికి చేరుతుంది. మా ఆవిడ నా నెత్తిన మంకీ క్యాప్ దిగేసి, "చింతపండు నానబెడతాను, పులుసుకి సరిపడా తీసుకురండి" అంది.

డాలస్ నుంచి తూర్పుగా రెండు గంటల లోపు దారి. దారిపొడవునా తోడల్లుడి పాఠమే. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన ఈ చెరువులోనే వేరే చిన్నచేపల కోసం గాలం వేస్తే 18.18 పౌండ్ల బాస్ పడిందట. అంటే ఎనిమిది కిలోల పైమాటే, రాష్ట్ర రికార్డు. వెతక్కుండా పోయినవాడికి దొరికింది కాబట్టి మనమూ వెతకడం మానేద్దామన్నాను. ఆయన కారు రేడియో పెంచారు.

చెరువు అంటే చెరువు కాదు, 27,000 ఎకరాలు. ఆనకట్ట కట్టినప్పుడు చాలా చెట్లను కొట్టకుండానే నీళ్ళు నింపారు. ఇప్పటికీ ఆ మోళ్ళు నీళ్ళలోంచి తలలెత్తి, మా పడవని ఎగాదిగా చూస్తున్నాయి. పడవలోని తెర మీద నీళ్ళు 51 డిగ్రీల ఫారన్‌హీట్. మన లెక్కలో పదిన్నర.

"ఈ చలికి చేప ఒళ్ళూ నీళ్ళంత చల్లగానే ఉంటుంది తమ్ముడూ. తిన్నది ఓ పట్టాన అరగదు, ఎర వెంట పరిగెత్తదు. నోటి ముందు పెట్టి బతిమాలాలి."

"కొత్త అల్లుడిలా అన్నమాట!"

ఆయనకు నచ్చలేదు. పెద్దల్లుడు కదా.

నా చేతికి జెర్క్‌బెయిట్ ఇచ్చారు. వేలెడు ప్లాస్టిక్ చేప, పొట్ట కింద రెండు గాలాలు, ఒక్కో గాలానికి మూడు ముళ్ళు. పెళ్ళిలో మూడు ముళ్ళలాంటివే, పడ్డాక విడిపించుకోవడం మన తరం కాదు. దాన్ని విసిరి, రెండుసార్లు చిన్నగా గుంజి, ఆపేయాలట. తేలకుండా, మునక్కుండా నీళ్ళ మధ్యలో వేలాడుతుంది. ఇరవై లెక్కపెట్టేదాకా కదపకూడదు. చలికాలం చివర్లో కిటుకంతా ఆ ఆగడంలోనే ఉందట.

మైక్రోవేవ్ దగ్గర చివరి మూడు సెకన్లు ఓపిక పట్టలేక తలుపు తీసేసే మనిషిని నేను. ఎంత ప్రయత్నించినా ఏడు దాటలేదు.

మధ్యాహ్నం దాకా ఒక్కటీ లేదు. అప్పుడు పడవని ఉత్తరపు ఒడ్డు వైపు, ఎండ బాగా పడే లోతు తక్కువ చోటికి తిప్పారు. రెండు రోజులుగా దక్షిణపు గాలి వీస్తోంది కాబట్టి అక్కడి నీళ్ళు ముందు వేడెక్కుతాయట. తెర 54 చూపించింది. "ఈ కాలంలో రెండు మూడు డిగ్రీలంటే చేపకి పండగే. అసలు ఎర పట్టేది మధ్యాహ్నమే!" అన్నారు. మరి నాలుగింటికి నన్నెందుకు లేపారని అడగబోయి, అత్తగారు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ ఉత్సాహంలో ఆయన గెడ వెనక్కి తిప్పి బలంగా విసిరారు. నా చెవుల మీంచి చల్లగా ఏదో జారినట్టయింది. చూస్తే, ఆయన గాలం చివర నా మంకీ క్యాప్, మోళ్ళ మీదుగా ఎగురుకుంటూ వెళ్ళి ముప్పై అడుగుల అవతల చతికిలపడింది. ఉన్ని నీళ్ళు పీల్చి మునగడం మొదలెట్టింది.

"లాగకండి అన్నయ్యా, దారాలు ఊడిపోతాయి! మెల్లగా!"

నా గెడని తొడ కింద నొక్కిపెట్టి, బోడి నెత్తిన చేతులు పెట్టుకుని, టోపీ ఒక్కో అంగుళం దగ్గరికి రావడం చూస్తున్నాను. నా ఎర సంగతే మర్చిపోయాను. ఇరవై ఏమిటి, రెండొందలు లెక్కపెట్టేంతసేపు అది కదల్లేదు.

తొడ కింద గెడ ఒక్కసారి లేచింది.

ఆ తర్వాత ఏం చేశానో గుర్తులేదు, అరిచానని మాత్రం ఆయన అంటారు. తీరా పైకి వచ్చింది పచ్చటి బాస్, నా పిడికిలి పట్టేంత నోరు. కొలిస్తే 19 అంగుళాలు. పులుసు, ఇగురు, రెండూ కళ్ళముందు మెదిలాయి.

"వదిలెయ్యాలి తమ్ముడూ. ఇక్కడ 16 అంగుళాల లోపుదైనా ఉండాలి, 24 పైబడిందైనా ఉండాలి. మధ్యలోవి నీళ్ళలోకే."

నా చేతులు కొంకర్లు పోయాయని చేపని ఆయన పట్టుకున్నారు, ఫోటో నేను తీశాను. నీళ్ళలో దించగానే అది తోకతో నా మొహాన కాసిని నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది.

ఇంట్లో చింతపండు గిన్నె గట్టు మీదే ఉంది. జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ తడి టోపీ వాసన చూసి, రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి బాల్కనీలో ఆరేసింది. ఆ పూట బెండకాయ పులుసు.

మర్నాడు పొద్దున్నే అత్తగారి ఫోన్. "ఫోటో చూశాను బాబూ! మా పెద్దల్లుడు ఎంత చేప పట్టాడో! చెరువులో పడిపోయిన మీ టోపీ కూడా తనే తీసిచ్చాడటగా?"