రెండు కాళ్ల రోబో గారి సముఖమునకు

రెండు కాళ్లు, రెండు చేతులు, ఒక నవ్వు మొఖం కలిగిన శ్రీయుత రోబో గారికి, నల్లగొండ జిల్లా బోరుబావుల కింది రైతులు విన్నవించుకునేది ఏమనగా:

నిన్న మధ్యాహ్నం తమరి దర్శన భాగ్యం కలిగింది. "మీ పొలంలోకి రోబో" అని ఫ్లెక్సీ కట్టారు. అందులో తమరు మోకాలి లోతు కరిగెటలో, అంటే నాటుకు దున్నిన బురద మడిలో, నిలబడి, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నారు. మమ్మల్ని పదకొండుకు రమ్మన్నారు, తమరు రెండున్నరకు విచ్చేశారు. చేతులు జోడించి నమస్కారం పెట్టారు. ఎడమకు తిరిగి అటువాళ్లకు పెట్టారు, కుడికి తిరిగి ఇటువాళ్లకు పెట్టారు. ఇక పక్క మడిలోకి దిగుతారని చూస్తే వేదిక మెట్టు దగ్గర ఆగిపోయారు. జానెడు మెట్టు. కుడి కాలు లేచింది, గాలిలో వణికింది, మళ్లీ అక్కడే ఆనింది. ఇద్దరు పోరగాళ్లు వచ్చి చంకల కింద చేతులు పెట్టి, పెండ్లిపిల్లను ఎత్తినట్టు ఎత్తి వ్యానెక్కించారు. సమయం లేనందున నాటు కార్యక్రమం వాయిదా అని మైకులో చెప్పారు.

తప్పు తమరొక్కరిదేనా, వంశానిదా అని అనుమానం వచ్చింది. అందుకని సైన్స్ ఫిక్షన్‌లో ఉన్న తమరి చుట్టాలను ఒక్కొక్కరినే మనసులో బావికాడికి పిలిచి చూశాం.

1956 నాటి 'ఫర్బిడెన్ ప్లానెట్' సినిమాలో రాబీ గారున్నారు. వంటాయన సీసాలో మిగిలిన విస్కీ మచ్చు చూపిస్తే, అచ్చం అదే సరుకు 60 గ్యాలన్లు, అంటే రమారమి 227 లీటర్లు, తయారుచేసి పెట్టారు. ఊళ్లో బెల్టు షాపులకు గిరాకీ పడిపోతుందేమో గాని మడికి ఒరిగేదేం లేదు. 1977 'స్టార్ వార్స్'లో బంగారు రంగు సీ-త్రీపీఓ గారికి అరవై లక్షలకు పైగా భాషలు వచ్చునట. మాకు ఒక్కటి వస్తే చాలు: లైన్‌మన్ ఫోన్ ఎత్తే భాష. 1968 '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో అంతరిక్ష నౌకను నడిపే హాల్ 9000 గారికైతే ఒళ్లే లేదు, ఎర్ర కన్ను ఒక్కటే. తలుపు తియ్యవయ్యా అంటే తియ్యనన్నారు. తూము తియ్యని లష్కర్‌ను చూడాలంటే సాగర్ ఎడమ కాలువ మీదికి పోతే సరిపోతుంది, దానికి అంతరిక్షం దాకా ఎందుకు? ఇక మన చిట్టి, 2010. ఒక టెరాహెర్ట్జ్ వేగం, ఒక జెట్టాబైట్ మెమరీ. అంత బుర్ర పెట్టుకొని చేసిందేమిటయ్యా అంటే, తనను తయారుచేసిన సారు మనసుపడ్డ పిల్లనే ప్రేమించాడు.

వీళ్లను వదిలేద్దాం. మనసుకు పట్టుకున్నది తమరి కాళ్లు.

రెండు కాళ్ల మీద నడవడమంటే ప్రతి అడుగుకూ ముందుకు పడబోవడం, పడేలోపు రెండో కాలేసి ఆపుకోవడం. ఒంటి బరువు పాదం హద్దు దాటి బయటికి పోయిందంటే బోర్లా పడుడే. సిమెంటు గచ్చు మీద నేల ఎక్కడుందో లెక్క కట్టొచ్చు. కరిగెటలో నేల ఎక్కడుంది? పైన రెండు వేళ్ల మందం నీళ్లు, కింద జానెడు బురద, దాని కింద గట్టి పొర. మీ బరువు 50 కిలోలనుకుందాం. పాదం 20 సెంటీమీటర్ల పొడుగు, 10 వెడల్పు. ఒక కాలు ఎత్తినప్పుడు బరువంతా రెండో దాని మీద పడితే, చదరపు సెంటీమీటరుకు పావు కిలో. బురద అంత మోయదు, దిగుతది. అంతటా ఒక్కతీరుగ దిగదు, మడిమ పక్క ముందు దిగుతది. చీలమండ మోటరు దాన్ని సర్దేలోపు వేళ్ల పక్క జారుతది.

మనిషి దిగడా అంటే, దిగుతడు. గాని నాటేసే ఆడోళ్ల కాలు చూసినవా ఎప్పుడన్నా? ముందు మడిమ లేపుతరు, ఆ సందుల నీళ్లు చొరవడ్తయి, పట్టు వదులైతది, అప్పుడు కాలు గుంజుతరు. నీ పాదమేమో ఒకటే రేకు. వంగదు. నిలువున ఎత్తబోతే బురద కిందికెల్లి పీల్చి పట్టుకుంటది. ఎంత గుంజితే రెండో కాలు అంత దిగుతది. ట్రాక్టరంతటి ట్రాక్టరే ఇనుప కేజ్‌వీల్స్ కట్టుకొని దిగుతుంటే, నువ్వు బూట్లేసుకొని దిగుతనని ఫ్లెక్సీ కట్టిచ్చుకున్నవ్.

ఈ సంగతి మేమే కనిపెట్టింది కాదు. 2011ల జపాన్ ఫుకుషిమా అణు కరెంటు కేంద్రం పేలినప్పుడు లోపలికి పోయి వాల్వు తిప్పే రోబో దొరకలేదు. అందుకని అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా రోబోలకు పోటీ పెట్టింది. 2015 జూన్‌ల కాలిఫోర్నియాల ఫైనల్. కారు నడపాలె, దిగాలె, తలుపు తియ్యాలె, వాల్వు తిప్పాలె, గోడకు రంధ్రం కొయ్యాలె, మెట్లెక్కాలె. నీ అసొంటోళ్లు తలుపుకాడ పడ్డరు, కారు దిగుతూ పడ్డరు, ఊరికే నిలబడి కూడ పడ్డరు. గెలిచిందెవలు? కొరియా వాళ్ల హ్యూబో. ఇసొంటి ఎనిమిది పనులు 44 నిమిషాల 28 సెకన్లల చేసింది. ఎట్ల చేసింది? మోకాళ్లకు చక్రాలున్నయి. అవసరమైన కాడ మోకాళ్ల మీద కూసొని చక్రాల మీద పొయ్యింది. ఇరవై లక్షల డాలర్లు ఇచ్చిన్రు దానికి. మోకాళ్ల మీద కూసున్నందుకు!

సినిమాల పనిమంతులైన రోబోలను చూడు, ఒక్కటన్న నీ తీరుగ ఉన్నదా? 'స్టార్ వార్స్'ల ఆర్‌టూ-డీటూ డ్రమ్ము లెక్క ఉంటది, నడవాలంటే కడుపుల నుంచి మూడో కాలు దించుతది. మూడు కాళ్ల పీట ఎసొంటి నేల మీద పెట్టినా ఊగదని మా ముసలోళ్లకు ఎరుకే. బోరు మోటరు గుంజేటప్పుడు చెయిన్ పుల్లీని మూడు కాళ్ల మీదనే ఏలాడదీస్తరు, రెండిటి మీద కట్టేటోడు ఇంకా పుట్టలే. 2014 'ఇంటర్‌స్టెల్లర్'ల కేస్ అని ఇంకొకటుంది: నాలుగు ఇనుప పలకలు, అంతే. మోకాలి లోతు నీళ్లల్ల ఆపద వస్తే ఆ పలకలను చక్రం లెక్క తిప్పుకుంటూ ఉరికి మనిషిని ఎత్తుకొచ్చింది. నీళ్లల్ల! మా మడిల కావాల్సింది గదే కదా!

ఒక్క సంగతి ఒప్పుకోవాలె. 1972 'సైలెంట్ రన్నింగ్'ల డ్యూయీకి కూడ రెండు కాళ్లే. గాని పొట్టివి. డబ్బా అంత ఒళ్లు, నేలకు దగ్గర. లోపల కాళ్లు లేని నటులు చేతుల మీద నడిచిన్రు. సినిమా ఆఖరికి సొట్టలు పడ్డ నీళ్ల డబ్బా పట్టుకొని ఒక్కతే చెట్లకు నీళ్లు పోసుకుంటుంటది. సైన్స్ ఫిక్షన్ మొత్తంల మా బత్తాయి తోటకు జీతానికి పెట్టుకుందామంటే దాన్నే పెట్టుకుంటం.

పోనీ కాళ్లు లేకున్నా బుర్ర ఉన్నదంటవా? కథలు రాసే అసిమోవ్ రోబోలకు పెట్టిన మూడు సూత్రాలు చెప్తవు. మనిషికి హాని చెయ్యొద్దు, చెప్పిన మాట వినాలె, నిన్ను నువ్వు కాపాడుకోవాలె. ఇవి మా బోరు మోటరు వేసే స్టార్టర్ డబ్బాల ఎప్పటినుంచో ఉన్నయి. మొదటిది ఎర్త్ వైరు. ఇనుప డబ్బాకు అది గట్టిగ కట్టి, గుంతల ఉప్పు, బొగ్గు పోసి తడి ఆరకుండ చూస్తే, వానకాలం డబ్బా ముట్టినోడు బతికొస్తడు. రెండోది ఆటో స్టార్టర్. కరెంటొచ్చిందంటే అర్ధరాత్రయినా మోటరేస్తది, ఎందుకని అడగది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసెయ్యుమని సర్కారే మొత్తుకున్నది. రాత్రంతా పోసి బోర్లు ఎండగొడ్తయి కాబట్టి.

మూడోది డ్రై రన్ ప్రివెంటర్. నీళ్లు అయిపోతే మోటరుకు లోడు తగ్గుతది, గుంజే కరెంటు తగ్గుతది, అది చూసి ఆపేస్తది. లేకుంటే సబ్‌మర్సిబుల్‌కు చుట్టూ చల్లబరిచే నీళ్లుండవు, వైండింగ్ మాడుతది. ఇగ దీన్ల ఒక తిరకాసుంది. మళ్లీ ఎంతసేపటికి వెయ్యాలో టైమర్‌ల పెట్టాలె. తక్కువ పెడ్తివా, బోర్ల కొద్దిగ ఊరంగనే వేస్తది, అయిదు నిమిషాలల్ల ఆగుతది, మళ్లీ వేస్తది, మళ్లీ ఆగుతది. మడికి నీళ్లు రావు, మోటరుకు నిద్ర ఉండదు. 1942ల అసిమోవ్ 'రనరౌండ్' కథల బుధ గ్రహం మీద స్పీడీ చేసింది గిదే. సెలీనియం తెమ్మంటే పొయ్యింది, దగ్గరికి పోతే ప్రమాదం, ఎనుకకొస్తే మాట తప్పుడు, మధ్యల గిరగిర తిరిగింది. ఆఖరికి ఒక మనిషి పాణానికి తెగించి ఎదురుంగ పోతే మొదటి సూత్రం లేచి దాన్ని ఇవతలికి తెచ్చింది. మా కాడ అంత కత లేదు, టైమర్ ముల్లు గంటకు తిప్పుతం.

చెప్పొచ్చేదేందంటే, మూడు సూత్రాలకు మొఖం అక్కర్లేదు. గోడకు కొట్టిన డబ్బా చాలు. మరి నీకు మొఖమెందుకు పెట్టిన్రు, చేతులెందుకు పెట్టిన్రు? నిన్న నువ్వు దండం పెడ్తుంటే సమజైంది. 1920ల చెక్ రచయిత కరెల్ చాపెక్ రోబోల నాటకం రాసినప్పుడు, 'రోబో' అన్న పేరు వాళ్లన్న జోసెఫ్ చెప్పిందే. చెక్ భాషల 'రొబోటా' అంటే వెట్టి చాకిరి. వెట్టి అంటే ఏందో నల్లగొండకు చెప్పాల్నా? పని కావాలంటే ఏ ఆకారమైనా నడుస్తది. బాంచన్ అనిపిచ్చుకోవాలంటేనే వంగే నడుము, జోడించే చేతులు కావాలె. గడీల ముంగట నిలబెట్టే బొమ్మవురా నువ్వు, మడిల దిగే మనిషివి కాదు! ఆ నాటకంల మీవోళ్లు తిరగబడి అందరినీ చంపి ఒక్క ఆల్‌క్విస్ట్‌నే ఇడిసిపెట్టిన్రు, ఎందుకంటే ఆయన మీ లెక్కనే చేతుల్తోటి పని చేస్తడని. ఆ లెక్కన మా కైకిలోళ్లు బతికిపోతరు. నిన్న మైకు పట్టుకున్నాయన సంగతే డౌటు.

కోపం నీ మీద కాదులే, పిల్లగా. మెట్టు కాడ నీ కాలు వణికినప్పుడు పాపమనిపిచ్చింది. యాసంగికి మళ్లొస్తే బూట్లు ఇడిసి మోకాళ్లకు చక్రాలు కట్టుకొని రా. మడిల దిగుడు మాత్రం పెట్టుకోకు. గెట్టు మీద కూసొని వాల్వులు తిప్పు, ఎలుకలు పొక్క చేసిన కాడ నీళ్లు పోతున్నయేమో చూడు. దండం పెట్టకు. చార్జింగ్‌కు స్టార్టర్ డబ్బాల వైరు కలపకు, పొద్దటి నుంచి రెండు ఫేజులే వస్తున్నయి.

ఇట్లు,
మూడో ఫేజు కోసం గెట్టు మీద కూసున్నోళ్లు