కన్వర్ట్ బటన్ గారూ, ఒక్క మాట

కన్వర్ట్ బటన్ గారికి,

నమస్కారం. వీడియో ఫైలు మార్చడానికి మిమ్మల్ని నొక్కేశాను, ఇక ఎలాగూ ఖాళీయే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. ఫ్యాన్ హోరెత్తిపోతోంది, సీపీయూ నూరు శాతం దగ్గర కూర్చుంది, మీరు మాత్రం చాలా ప్రశాంతంగా "ఇంకా 4 నిమిషాలు" అంటున్నారు. ఇందాక 3 అన్నారు.

నేనడిగింది చాలా చిన్న పని. టీవీ ఎంకేవీ ఫైల్ తెరవనంటోంది, ఎంపీ4 చేసిపెట్టండి అన్నాను. ఎంకేవీ, ఎంపీ4 రెండూ బొమ్మనీ శబ్దాన్నీ కలిపి సర్దే పెట్టెలే. లోపలున్న వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264, ఆడియోది ఏఏసీ, రెండూ ఎంపీ4లో హాయిగా ఇమిడేవే. అంటే మార్చాల్సింది పైనున్న పెట్టె ఒక్కటే. రీమక్స్ అంటారు దాన్ని, ఫైలు కాపీ చెయ్యడానికి పట్టేంత టైమే పడుతుంది, నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. మీరేమో ప్రతి ఫ్రేమునీ విప్పి మళ్ళీ మొదటి నుంచి కుదించడం మొదలుపెట్టారు. పెట్టె మార్చమంటే లోపలి బట్టలన్నీ కుట్లు విప్పి మళ్ళీ కుట్టే దర్జీ ఉంటాడా అసలు? పైగా ఈ వీడియో కోడెక్, అంటే కుదించే పద్ధతి, కంటికి పెద్దగా ఆనని వివరాలు పారేసే సైజు తగ్గిస్తుంది కదా, మీరు రెండోసారి కుదిస్తే మిగిలినదాంట్లోంచి ఇంకొంత పోతుంది, అలా పోయింది మరి రాదు.

పక్కన మళ్ళీ "హై క్వాలిటీ" అనే మెనూ ఒకటి. 2 ఎంబీపీఎస్‌తో (సెకనుకి 2 మెగాబిట్లు) ఉన్న గంట వీడియో సుమారు 900 ఎంబీ ఉంటుంది. దాన్ని మీ 8 ఎంబీపీఎస్ సెట్టింగులో వేస్తే 3.6 జీబీ అవుతుంది, మసక మాత్రం మసకగానే ఉంటుంది, కాకపోతే ఇప్పుడు ఆ మసక నాలుగింతల చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది. సైజు పెరిగితే బొమ్మ బాగుపడిందని జనం అనుకుంటారని మీకెవరు చెప్పారో గానీ, బాగానే చెప్పారు. ఇక 720పీ వీడియోని 4కే చేస్తానంటారే, అది మరీ ధైర్యం. ఒక పిక్సెల్ ఉన్నచోట తొమ్మిది కావాలి, మిగతా ఎనిమిదీ మీరు లెక్కగట్టి అక్కడ పెట్టేవే.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని తిట్టను. 99 శాతం దగ్గర ఆగిపోతారని అందరూ ఆడిపోసుకుంటారు గానీ, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఎంపీ4 సూచిక సాధారణంగా ఫైలు చివర తయారవుతుంది, నెట్‌లో వెంటనే ప్లే అవ్వాలంటే దాన్ని ముందుకు జరపాలి, అందుకు ఫైలంతా ఇంకోసారి రాయాల్సి వస్తుంది. ఆ ముక్క తెరమీద చూపిస్తే మాకీ టెన్షన్ ఉండదు కదండీ.

అసలు బాధ చివర్లో ఉంది. రెండు భాషల ఆడియోతో వచ్చిన ఫైలు మీ చేతుల్లోంచి ఒక్క భాషతో బయటికొస్తుంది, సబ్‌టైటిల్స్ ఎటుపోయాయో అడిగే దిక్కు లేదు, అయినా ఆకుపచ్చ టిక్కు పెట్టి "విజయవంతంగా పూర్తయింది" అంటారు. ట్రయల్ వెర్షన్ అయితే నటుడి ముఖం మీద మీ కంపెనీ పేరు ఉచితం.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని వీడియోలు మార్చే ప్రోగ్రాం ఒకటుంది, 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టారు, ఉచితం. మీ వంశంలో చాలామంది లోపల కష్టపడేది అదేనని మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి కమాండ్‌లో "కాపీ" అన్న ఒక్క మాట చేర్చి చెబితే పెట్టె మాత్రమే మార్చి ఊరుకుంటుంది. ఆ ఒక్క మాట కోసం మీ కిటికీలో చోటు లేదు, "ప్రో కొనండి" అనే బ్యానర్‌కి మాత్రం సగం కిటికీ ఇచ్చారు.

ఇప్పుడు "ఇంకా 11 నిమిషాలు" అంటున్నారు. సెలవు, మీ పక్కనే ఉన్న క్యాన్సిల్ బటన్ గారితో కాస్త పనుంది.

ఇట్లు,
మీ వినియోగదారుడు