లినక్స్ వేసే ముందు ప్రింటర్‌ని అడగండి

విశాఖ అక్కయ్యపాలెంలో మా అన్నయ్యకి ఒక జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అన్నది బోర్డు మీద పేరే. అక్కడ జరిగేదంతా హాల్ టికెట్లు, ఈసీలు, పాన్ కార్డు దరఖాస్తులు, నవంబరు వస్తే పోర్టులోనూ స్టీల్ ప్లాంట్‌లోనూ రిటైరైన పెద్దవాళ్ల లైఫ్ సర్టిఫికెట్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోమంది. ఆ హెచ్చరిక రోజూ స్క్రీన్ మీద కనిపిస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. ‘ఒరే, ఆ లినక్సేదో వేసేయరా. ఫ్రీయే కదా!’ విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపించగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమే లినక్స్.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ఐ3, 8 జీబీ ర్యామ్, ఈమధ్యే వేసిన ఎస్‌ఎస్‌డీ. పనిలో ఏ లోటూ లేదు. కానీ విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అంటే బాగా నడుస్తున్న మిషన్‌ని పాత ఇనుములో వేయమనడమే. లినక్స్ వైపు చూడడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ అనే రకాన్ని పట్టుకెళ్లాను. గంటలోపే పనైపోయింది. సౌండ్, నెట్, మానిటర్ రెజల్యూషన్ అన్నీ వాటంతటవే వచ్చేశాయి. మూలన దుమ్ము కొట్టుకుపోయిన పాత స్కానర్ కూడా లేచి కూర్చుంది. 64-బిట్ విండోస్‌కి డ్రైవర్ లేదని కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసిన స్కానర్ అది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ‘సరే, ఈ ఆధార్ కాపీ ప్రింట్ కొట్టు’ అన్నాడు.

ఒక పేజీ వచ్చింది. రెండోది రాలేదు.

పచ్చ లైటు మిటకరిస్తోంది, క్యూలో ‘ప్రాసెసింగ్’ అని ఉంది, కౌంటర్ దగ్గర ఒకావిడ పది రూపాయల నోటు పట్టుకుని నిలబడి ఉంది. ప్రింటర్ స్విచ్ ఆపి వేస్తే మళ్లీ ఒక పేజీ. ఆ సాయంత్రమంతా ఇదే టెన్షన్.

డ్రైవర్ అంటే ఏమిటో విశాఖవాళ్లకి చెప్పడం తేలిక. ఎంత పెద్ద ఓడైనా, కెప్టెన్ ఎంత అనుభవజ్ఞుడైనా, డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలోంచి ఇన్నర్ హార్బర్‌లోకి రావాలంటే పోర్టు పైలట్ ఎక్కాల్సిందే. లోతెక్కడో, మలుపెక్కడో తెలిసినవాడు అతనే. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ పరికరానికీ మధ్య డ్రైవర్ చేసే పని అదే. విండోస్‌లో ప్రింటర్ కంపెనీ, గ్రాఫిక్స్ కంపెనీ ఎవరి పైలట్‌ని వాళ్లు పంపుతారు. ఆ కంపెనీకి ఆసక్తి పోయిన రోజున పరికరం మూలన పడుతుంది. లినక్స్‌లో పైలట్లలో చాలామంది పోర్టు జీతం మీదే ఉంటారు, అంటే డ్రైవర్లు లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తోపాటే వస్తాయి. ఒకసారి చేరిన డ్రైవర్‌ని, వాడేవాళ్లున్నంత కాలం అంత త్వరగా తీసేయరు. పాత స్కానర్ల లాంటి వాటికైతే డ్రైవర్ల కట్ట విడిగా ఉంటుంది, పద్ధతి ఇలాంటిదే. మా స్కానర్ బతికింది అందుకే. కానీ కాలువ మ్యాపు ఇవ్వనని కంపెనీ దాచుకుంటే, పైలట్ ఎంత సమర్థుడైనా చేసేదేమీ లేదు. మా ప్రింటర్ ఆ రకం. చవగ్గా అమ్మాలని పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్ మీద తోసేసి, ఆ రెండూ మాట్లాడుకునే భాషని గుట్టుగా ఉంచిన పాత లేజర్ ప్రింటర్. లినక్స్‌కి కంపెనీవాళ్లు ఒక డ్రైవర్ ఇచ్చారు గానీ, ఎప్పుడో ఇచ్చి మర్చిపోయారు.

అసలు ఎవరైనా చూసి మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కథలో తొలి మలుపే ప్రింటర్ దగ్గరుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా దాని సాఫ్ట్‌వేర్ మారుద్దామని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ చూస్తే, సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) ఇవ్వలేదు. 1983లో ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి వెనకున్న కారణాల్లో ఆ చిరాకూ ఒకటి. ఆ ప్రింటర్ జిరాక్స్ కంపెనీది. జిరాక్స్ షాపులో కూర్చుని ఈ కథ చెబితే అన్నయ్యకి నవ్వు రాలేదు.

‘నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ పనిచేస్తుందా?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. నా అనుభవంలో దానికి జవాబు ఎక్కువసార్లు అవుననే. అడగాల్సింది ఆ ల్యాప్‌టాప్‌కి ఏమేం తగిలిస్తారని. ప్రింటర్ సంగతైనా నయం, డబ్బు పెడితే తీరుతుంది. ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ అని రాసున్న కొత్త ప్రింటర్లకి ప్రత్యేకంగా డ్రైవరే అక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్లకి వాడే వేలిముద్ర మిషన్ దగ్గర ఆ దారి కూడా లేదు. ఆధార్ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన పరికరమే వాడాలి. దాని కంపెనీ ఇచ్చే, ధ్రువీకరణ పొందిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారానే వేలిముద్ర ఎన్‌క్రిప్టై వెళ్లాలి. అది దొరికేది ఎక్కువగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ. ఎవరో తెలివైన కుర్రాడు రాత్రంతా కూర్చుని లినక్స్‌కి సొంతంగా డ్రైవర్ రాసినా ఆధార్ వ్యవస్థ ఒప్పుకోదు. భద్రత కోసం పెట్టిన నిబంధనే, తప్పుపట్టను. కానీ కంపెనీ ముందుకొస్తే తప్ప తలుపు తెరుచుకోదు. డిజిటల్ సంతకం కోసం తగిలించే యూఎస్‌బీ టోకెన్లది కాస్త మెరుగు, కొన్నింటికి లినక్స్‌లో మద్దతుంది. అయితే సంతకం చేయించే యుటిలిటీలు చాలావరకు విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ప్రభుత్వంలో ఓపెన్ సోర్స్‌కి, అంటే సోర్స్ కోడ్ బయటపెట్టిన సాఫ్ట్‌వేర్‌కి, ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. పదేళ్లు దాటాయి. సర్వర్ల సంగతి అలా ఉంచండి, ప్రజలు వేలు పెట్టే చోటికి, సంతకం పెట్టే చోటికి ఆ విధానం రాలేదు. టెండర్లో ‘లినక్స్ డ్రైవర్ కూడా ఇవ్వాలి’ అని ఒక వాక్యం చేర్చితే కంపెనీలు పరుగెత్తుకొస్తాయి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ నడుస్తోంది. అంత పెద్ద కొనుగోలుదారు అడిగితే అమ్మేవాడు ఇవ్వక ఏం చేస్తాడు?

డీటీపీవాళ్లది ఇంకో గొడవ. శుభలేఖలు, కరపత్రాలు చేసే షాపుల్లో అను ఫాంట్లే నేటికీ రాజ్యమేలుతున్నాయి. వాటిది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కాదు. చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్ లినక్స్‌లోనూ ఉంది, యూనికోడ్ తెలుగు హాయిగా టైపు చేసుకోవచ్చు. పదిహేనేళ్ల పాత పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రం ఉన్నదున్నట్టు తెరుచుకోవు. వాళ్లని లినక్స్‌కి మారమని నేను చెప్పను.

ల్యాప్‌టాప్‌ల్లో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా వైఫై. డబ్బా మీద బ్రాండు ఒకటే, లోపల చిప్ బ్యాచ్‌కొకటి. నిజమైన పేరు డివైస్ కోడ్‌లో ఉంటుంది. ఇంటెల్ చిప్ అయితే కోడ్ 8086తో మొదలవుతుంది. 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ నంబరే అది, చిన్న కొంటెతనం. ఇంటెల్ వైఫై లినక్స్‌లో దాదాపు ఎప్పుడూ నడుస్తుంది. బ్రాడ్‌కామ్‌లో కొన్నింటికి కంపెనీ డ్రైవర్ విడిగా వేసుకోవాలి. డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి డ్రైవర్ కావాలి. అలాంటప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులు పూర్తి వేగంతో నడవాలన్నా విడి డ్రైవర్ కావాలి. 2022 నుంచి ఆ కంపెనీ కెర్నల్ భాగాన్ని ఓపెన్ చేసింది గానీ, అది ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. గుర్తింపులేని సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇలాంటి డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వచ్చి తాళంచెవి నమోదు చేయమంటుంది. భయపడి దాన్ని దాటేసి, తర్వాత వైఫై రాలేదని లినక్స్‌ని తిట్టినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

అన్నట్టు, మన ఊళ్లో నేరం ప్రతిసారీ డ్రైవర్ది కాదు. ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు నల్లబడతాయి. ఎంవీపీ కాలనీలో ఒకాయన లినక్స్ వేశాక సిస్టమ్ హ్యాంగవుతోందని పిలిస్తే, పిల్లల రబ్బరుతో ర్యామ్ అంచులు రుద్ది పెట్టాను. అప్పట్నుంచి బాగానే ఉంది.

మారదలచుకున్నవాళ్లు హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా ఒక వారం పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. అది కాస్త నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టండి. టేబుల్ మీదున్న ప్రతి పరికరాన్నీ ఆ వారంలోనే తగిలించి చూడండి.

చివరికి అన్నయ్య షాపులో రాజీ కుదిరింది. వేలిముద్రలకీ సంతకాలకీ రెండో కంప్యూటర్ ఒకటి విండోస్‌లోనే, ఏడాది అప్‌డేట్లకి నమోదు చేసి. మిగతా పనంతా లినక్స్ మీద. ప్రింటర్ కొత్తది కొన్నాడు. మధ్యలో లాన్ తీగ ఎలకలు కొరికితే వైఫై డాంగిల్ కోసం ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. చిప్ ఏమిటని అడిగితే కౌంటర్లో కుర్రాడు డబ్బా అటూ ఇటూ తిప్పాడు. ‘విండోస్ 11లో వస్తుంది సార్’ అన్నాడు. లినక్స్‌కన్నాను. ఒక్క క్షణం ఆగి, సీలు విప్పి, తన కంప్యూటర్‌కే పెట్టి, డివైస్ కోడ్ చదివి వినిపించాడు. నా ఫోన్‌లో వెతికితే ఆ చిప్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. డబ్బులిచ్చి వస్తుంటే వెనక నుంచి అడిగాడు: ‘సార్, ఈ కోడ్‌ని బట్టి లినక్స్‌లో వస్తుందో రాదో ఎలా తెలుస్తుంది?’