పులి కనబడకపోతే సఫారీ వృథాయేనా?

దక్షిణాది అడవుల్లో సాయంత్రం సఫారీ ముగించుకొని గేటు దగ్గరికి వచ్చే ప్రతి వాహనానికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "కనబడిందా?" ఏది కనబడిందా అని ఎవరూ విడమరిచి అడగరు, ఆ అవసరమూ ఉండదు. రెండేళ్ల కిందట కర్ణాటకలోని ఒక గేటు దగ్గర మాతోపాటు బస్సు దిగిన హైదరాబాదు పెద్దాయన ఆ ప్రశ్నకు చెయ్యి అడ్డంగా ఊపి, "ఏమీ లేదు బాబూ, రెండు గంటల కుదుపులు తప్ప" అన్నారు. అంతకు అరగంట ముందే డ్రైవరు ఇంజను ఆపేసిన చోట అడవిదున్నల మంద మా ముందు నుంచే రోడ్డు దాటింది. మోకాళ్ల కింద సున్నం పూసినట్టున్న వాటి కాళ్లను చూసి పిల్లలు అవి మేజోళ్లు వేసుకున్నాయని నవ్వారు. ఆ తర్వాతి మలుపులో ఐదు రేసుకుక్కలు, మూతులకు ఇంకా ఆరని నెత్తురుతో, మమ్మల్ని లక్ష్యపెట్టకుండా పొదల్లోకి వెళ్లిపోయాయి. అంతరించే ముప్పున్న జంతువుల అంతర్జాతీయ జాబితాలో రేసుకుక్కదీ పులిదీ ఒకే వర్గం. పెద్దాయన లెక్కలో మాత్రం అది "ఏమీ లేదు" కిందికే వచ్చింది.

ఆయనను తప్పుపట్టడానికి లేదు. ఆయన బుక్ చేసుకున్న పేజీ మీద పులి బొమ్మ ఉంది, రిసార్టు గోడ మీద పులి బొమ్మ ఉంది, టికెట్టు మీదా ఉంది. అమ్మినవారు పులిని అమ్మారు, కొన్నవారు పులిని కొన్నారు, అడవి కొసరుగా వచ్చింది. సఫారీల మీద ఇప్పుడు నడుస్తున్న వివాదాల్లో చాలా భాగం, వాహనాల రద్దీ దగ్గర నుంచి అడవి అంచు గ్రామాల ఆగ్రహం దాకా, ఈ బేరం దగ్గరే మొదలవుతున్నాయని నా అభిప్రాయం.

సంఖ్యలు చూస్తే ఆశ పెట్టుకోవడంలో అన్యాయమేమీ కనిపించదు. 2022 జాతీయ గణన ప్రకారం కర్ణాటకలోని బందీపూర్‌లో 150, నాగరహొళెలో 141, తమిళనాడులోని ముదుమలైలో 114 పులులున్నాయి. కేరళలోని వయనాడ్‌తో కలిపి మూడు రాష్ట్రాల సరిహద్దుల్లో ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఈ అడవి, ప్రపంచంలోనే పులులు అత్యధికంగా బతుకుతున్న ప్రాంతాల్లో ఒకటి. అయితే పులులు ఉండటం వేరు, కనబడటం వేరు. బ్రిటిష్‌వారు తోటల అందం కోసం తెచ్చిన లాంటానా అనే పొద ఈ రోజు బందీపూర్, ముదుమలై దారుల పక్కన మనిషెత్తు గోడలా పెరిగిపోయింది. దాని కింద గడ్డి మొలవదు, గడ్డి లేని చోట దుప్పి నిలవదు, దుప్పి లేని చోట పులి ఆగదు. నాగరహొళె అంచున ఉన్న కబిని జలాశయం ఒడ్డున పరిస్థితి పూర్తిగా భిన్నం. 1974లో ఆనకట్ట పూర్తయి అడవిలో పెద్ద భాగం మునిగింది. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గిన కొద్దీ బయటపడే తడి నేల మీద పచ్చగడ్డి లేస్తుంది, దాని కోసం వందల ఏనుగులు చేరతాయి, చెట్టు అడ్డులేని మైదానం కాబట్టి ఏ జంతువైనా కంటికి ఆనుతుంది. కబిని ఒడ్డున చూసేదంతా అనాదిగా ఉన్న ప్రకృతి దృశ్యమని మురిసిపోతాం గానీ, అందులో సగం నీటిపారుదల ఇంజనీర్లు తెలియక చేసిపెట్టిన ఏర్పాటు. అలాంటి చోట తీసిన ఫొటోలను ప్రకటనల్లో పెట్టి దక్షిణాది సఫారీ అంటే ఇదేనన్నట్టు చూపించడం వల్ల, లాంటానా గోడల మధ్య తిరిగివచ్చిన సందర్శకుడు మోసపోయాననుకుంటున్నాడు.

మోసపోయానన్న భావన డ్రైవరు మీద ఒత్తిడిగా మారుతుంది. పులిని చూపించిన రోజు టిప్పు ఒక రకం, చూపించని రోజు మరో రకం. కొండముచ్చు చెట్టుమీద నుంచి దగ్గినట్టు హెచ్చరిక అరుపు అరవగానే ఒక జీపు ఆగుతుంది, సమాచారం అందుకొని రెండోది వస్తుంది, పది నిమిషాల్లో ఆ సన్నటి మట్టిదారి మీద ఏడెనిమిది వాహనాలు ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటాయి. ఏ జంతువుకైనా కనీసం 20 మీటర్ల దూరం పాటించాలని, వాహనానికీ వాహనానికీ మధ్య 50 మీటర్లు ఉండాలని 2012 నాటి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కెమెరా పట్టుకొని "ఇంకొంచెం ముందుకు పోనీ అన్నా" అనే నలుగురి మధ్య కూర్చున్న డ్రైవరుకు ఆ మీటర్లు గుర్తుండాలని కోరుకోవడం అత్యాశే. నియమాన్ని అమలు చేయాల్సిన మనిషి సంపాదనను ఆ నియమ ఉల్లంఘనకే ముడిపెట్టిన ఏర్పాటు ఇది.

చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ (కేంద్ర) ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసి, అక్టోబరులో మార్గదర్శకాలు వచ్చాక ఆ నిషేధాన్ని తొలగించింది. వాటి ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి సందర్శకులకు తెరవకూడదు. 2025 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం కేసు తీర్పులో అదే న్యాయస్థానం రాత్రి పర్యాటకాన్ని, కోర్ ప్రాంత పర్యాటక మండలాల్లో మొబైల్ ఫోన్ల వాడకాన్ని నిషేధించింది. పులి కబురు ఒక జీపు నుంచి మరో జీపుకు చేరే దారుల్లో ఒకదాన్నయినా మూస్తుంది కాబట్టి, రెండో ఆదేశం పైకి కనిపించేంత చిన్నది కాదు.

అదే నెలలో కర్ణాటక ప్రభుత్వం బందీపూర్, నాగరహొళెలలో సఫారీలనే ఆపేసింది. మైసూరు, చామరాజనగర జిల్లాల్లోని అడవి అంచు గ్రామాల్లో పులి దాడుల్లో రైతులు వరుసగా చనిపోవడంతో, సఫారీ వాహనాల అలజడికే పులులు ఊళ్ల మీద పడుతున్నాయని రైతు సంఘాలు ఆరోపించాయి. సఫారీ పనిలో ఉన్న సిబ్బందిని పులుల జాడ పట్టే పనికి మళ్లించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఈ ఆరోపణను అక్షరాలా ఒప్పుకోవడం కష్టం. సఫారీ తిరిగేది అడవిలో కొద్ది భాగంలోనే. పులుల సంఖ్య పెరిగిన చోట, సొంత ఇలాకా దొరకని కుర్ర మగపులీ, పోట్లాటలో ఓడిన ముసలిపులీ అంచులకు నెట్టబడతాయి. అక్కడ వాటికి సులువుగా దొరికేది పశువు. జీపులు ఆగినంత మాత్రాన ఈ కారణాలేవీ ఆగవు.

అంతమాత్రాన రైతు కోపం అర్థరహితమని కొట్టిపారేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. గొడ్డును మేతకు తోలితే కేసు పెడతామనే గేటులోంచే పట్నం వాళ్ల జీపులు రోజుకు రెండు పూటలా లోపలికి పోవడం ఆయన చూస్తున్నాడు. ఆ జీపు నింపే రిసార్టు తన పక్క పొలంలోనే లేచింది. తన ఆవును పులి ఎత్తుకుపోతే పరిహారం కోసం కాగితాలు పట్టుకొని తిరగాల్సింది ఆయనే. అడవి వల్ల లాభం ఒకరికి, నష్టం మరొకరికి అన్న లెక్క తేలనంత కాలం, పులి దాడి జరిగినప్పుడల్లా వేలు సఫారీ వైపే చూపిస్తుంది. నీలగిరిలోని సెగూరు పీఠభూమిలో ఏనుగుల దారికి అడ్డంగా వెలసిన రిసార్టులను ఖాళీ చేయాలన్న మద్రాసు హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సమర్థించింది. సుమారు మూడు నెలలకే ఆ పక్కనే మసినగుడిలో, ఒక బస దగ్గర మనుషులు విసిరిన మండే టైరు తగిలి గాయాలపాలైన ఏనుగు చనిపోయింది. అడవిని ఆనుకొని ఉన్న గదికి ఎక్కువ అద్దె పలుకుతుంది గానీ, ఆ గది ముందుకు ఏనుగు నిజంగానే వస్తే ఏం చేయాలన్నది ఆ అద్దెలో లేదు.

బేరాన్ని మార్చడం సాధ్యమేనా అంటే, కేరళలోని పెరియార్ దానికి ఒక జవాబు. అక్కడ అడవిదాల్చిన బెరడును దొంగతనంగా ఒలిచి అమ్ముకున్నవారే 1990ల చివర్లో ఒక పర్యావరణాభివృద్ధి కమిటీగా ఏర్పడి, సందర్శకులకు దారి చూపే పనిలోకి, అడవికి కాపలా కాసే పనిలోకి వచ్చారు. ఏ వాగు పక్కన ఏ జంతువు నడుస్తుందో, వేటగాడు ఎటు నుంచి వస్తాడో వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వారితో కాలినడకన వెళ్లినవారు, వెదురు తెప్పల మీద తిరిగినవారు పులి కోసం డబ్బు కట్టరు, ఆ మనిషికి తెలిసినదాని కోసం కడతారు. పెరియార్‌లో అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, అక్కడి జలాశయంలోనే 2009లో పర్యాటకుల పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. అయినా గైడు ఆదాయాన్ని పులి దర్శనం నుంచి విడదీసిన అరుదైన ఉదాహరణ అది.

ఇదంతా మనకెందుకంటే, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్–శ్రీశైలం మన నల్లమలలోనే ఉంది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు అవతల తెలంగాణ వైపు వేరుపడిన అమ్రాబాద్ మరో 2,611 చదరపు కిలోమీటర్లు. దోర్నాల దారిలోని తుమ్మలబైలులో, ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలో, మన్ననూరు ఎగువన ఫరహాబాద్‌లో సఫారీలు నడుస్తున్నాయి. మనమూ కబినిలా ఎందుకు కాకూడదన్న మాట తరచూ వినిపిస్తోంది. కాకూడదనే నేనంటాను. ఇది ఎండు అడవి, కొండలూ లోయలూ ఎక్కువ, పులులు పలచగా విస్తరించి ఉన్నాయి. ఇక్కడ పులిని అమ్మడం మొదలుపెడితే సరుకు ఇవ్వలేక, దారి పక్కన నీటి తొట్లు కట్టడం, పొదలు నరికి చూపుమేర ఖాళీ చేయడం వంటి పనులకు దిగాల్సి వస్తుంది. అదీగాక నల్లమలకు అసలు జనం సఫారీకి వచ్చేవారు కాదు, మల్లన్న దగ్గరికి వచ్చేవారు. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచే భక్తులు వదిలే ప్లాస్టిక్ ముందు సఫారీ జీపుల బెడద ఏపాటిది?

నల్లమలకు ఉన్నది చెంచులు. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవారిలో ఎందరో వారే, జాడ పట్టడంలో వారిని మించినవారు లేరు. వారిని సందర్శకుల ముందు విల్లంబులు పట్టించి నిలబెట్టడం కాకుండా, నెల జీతం ఉన్న గైడులుగా ఉంచితే కోర్ చుట్టూ ఉండే బఫర్ ప్రాంతంలో చిన్న బృందాలతో కాలినడక సఫారీలు నడపవచ్చు. అలా ఒక ఉదయం మాతో నడిచిన చెంచు యువకుడు మూడు గంటల్లో పులి మాట ఎత్తలేదు. ఎలుగు తవ్విన పుట్టలో చెదలు ఇంకా తిరుగుతుండటం చూపించి ఇది రాత్రి పనేనన్నాడు. నల్లమద్ది మానుమీద గోళ్ల గీతల్లో కొత్తవేవో పాతవేవో వేలితో తడిమి చెప్పాడు. వానాకాలం మూడు నెలలు అడవిలోకి రానివ్వనప్పుడు ఏం చేస్తావని తిరుగుదారిలో అడిగాను.

"మిరప నాట్లకు కూలికి పోతా సార్," అన్నాడు. "పోయినేడు మా అన్న అట్టనే పోయి, ఇంక ఈ పనికి రాలా."