అరికాల్లో కరెంటు

అలిపిరి మెట్లు 3,550 ఎక్కిన మనిషికి ఏదో ఒక నొప్పి రావడం న్యాయమే. నాకు మోకాళ్లు బాగున్నాయి, నడుమూ బాగుంది. వారం తర్వాత అర్ధరాత్రి ఎడమ అరికాల్లో మాత్రం ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు మొదలైంది. నిజంగానే లేచి దుప్పటి కింద ఫోన్ వెతికాను.

మోకాళ్ల పర్వతం దగ్గర ఫోన్ చూస్తూ మెట్టు తప్పి, కాలు మడత పడిన సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే కాలు సంగతి పక్కకు పోయి ఫోన్ సంగతి పైకొస్తుంది.

అత్త దిష్టి అంది. మేడ మీద సారు షుగర్ అన్నాడు. నేనే పెద్ద తెలివిగా క్రేప్ బ్యాండేజ్ తెచ్చి, వదులుగా కడితే ఏం లాభమని చీలమండకు బియ్యం మూట మూతి కట్టినట్టు బిగించాను. ఆ రాత్రి వైబ్రేషన్ పోయి రింగ్‌టోన్ వచ్చింది.

డాక్టరు కట్టు విప్పి, లోపలివైపు చీలమండ ఎముక వెనక వేలితో టకటక కొట్టారు. బొటనవేలిదాకా కరెంటు పాకింది. నా కాలు నన్నడక్కుండానే లేచి ఆయన టేబుల్ మీది పెన్నుల స్టాండును తన్నేసింది. ఆయన మాత్రం సంబరంగా "దొరికింది!" అన్నారు.

ఆ ఎముక వెనక ఇరుకు సొరంగం ఉంటుందట, పేరు టార్సల్ టన్నెల్. పైన గట్టి పట్టీ కప్పు. స్నాయువులు, రక్తనాళాలు, అరికాలికి వెళ్లే నరం అన్నీ అందులోంచే దూరాలి. బెణికి వాచినా, లోపల గడ్డ లేచినా, సిరలు ఉబ్బినా నలిగేది నరమే. బ్రహ్మోత్సవాలప్పుడు గాంధీ రోడ్డులో ఇరుక్కున్న ఆటో నా కళ్ల ముందు కదిలింది. పైగా నాది చదును పాదం. తడి కాలితో నడిపిస్తే నేల మీద వంపే లేని అచ్చు పడింది, నిండుగా, అట్టులా. అలాంటి పాదం నరాన్ని ఇంకా లాగుతుందట.

"ఈ కట్టు ఎవరు కట్టారు?"

"నేనే సార్."

"నరం నలిగిపోతోంటే పైనుంచి మీరో చెయ్యి వేశారన్నమాట."

షుగరున్నా ఇలాగే మంటలొస్తాయని రక్తపరీక్ష రాశారు. మేడ మీద సారు పూర్తిగా తప్పేం కాదు. తర్వాత విశ్రాంతి, ఐసు, కొన్నాళ్లు మాత్రలు, బూట్లలో వంపు కింద మెత్త. తగ్గకపోతే నరాల పరీక్ష, ఇంజెక్షన్. అదీ కాకపోతే ఆపరేషన్ చేసి సొరంగం కప్పు తెరుస్తారు. ఆపరేషన్ మాట వినగానే కాలు కాసేపు బుద్ధిగా ఉంది.

ఇంట్లో ఐసు లేదు. ఫ్రీజర్లోని బఠాణీల ప్యాకెట్ గుడ్డలో చుట్టి ఇస్తూ మా ఆవిడ, "పది నిమిషాలేనండీ, కుర్మాలోకి కావాల" అంది.

బ్యాండేజ్ ఇప్పుడు పెరట్లో కారే కొళాయి మెడకుంది. పొద్దున అత్త చూసి, "నీ కట్టు గట్టిదే నాయనా, తిప్పినా నీళ్లు రావడంలే" అంది.