సృజనాత్మకత: సమాధానం గైడులో కలదు

పదో తరగతి తెలుగు పరీక్షలో సృజనాత్మకతకు విడిగా మార్కులు కేటాయించిన ఘనత మనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రూపొందించుకున్న విద్యా ప్రణాళిక పరిధి పత్రం బట్టీ చదువులకు స్వస్తి చెప్పాలని నిశ్చయించింది. దాన్ని అనుసరించి వచ్చిన తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం చివర ‘అవగాహన–ప్రతిస్పందన’, ఆ వెనుకే ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అనే శీర్షికలు వెలిశాయి. పాఠం చదివిన పిల్లవాడు తన సొంత మాటల్లో ఒక లేఖో, కరపత్రమో, సంభాషణో, నాలుగు పాదాల కవితో రాయాలన్నది ఆ పత్రం తయారుచేసిన పెద్దల ఉద్దేశం. వాచకాల వెంటే గైడ్లు కూడా బజారుకు వచ్చాయి. పిల్లవాడు రాయవలసిన సొంత మాటలన్నీ వాటిలో ముందే అచ్చయి ఉన్నాయి.

కొందరు దీన్ని మోసం అంటారు. వారితో నేను ఏకీభవించలేను. సృజనాత్మకత అనేది ఎవరిలో ఎప్పుడు పుడుతుందో తెలియని చంచలమైన వస్తువు. దాన్ని నడివేసవికి ముందు ఒకానొక ఉదయం తొమ్మిదిన్నరకు, హాల్ టికెట్ పట్టుకుని వచ్చిన లక్షల మంది పిల్లల్లో ఒక్కసారిగా పుట్టించవలసి వచ్చినప్పుడు ముందస్తు ఏర్పాట్లు చేసుకోక తప్పదు. ఆ ఏర్పాట్లను మన రెసిడెన్షియల్ పాఠశాలలు తెల్లవారుజామున స్టడీ అవర్లో ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నాయి.

ఆ స్టడీ అవరును కిటికీ బయట నిలబడి ఒకసారి వినవలసిందే. అరవై మంది పిల్లలు, సగం కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కీ ఊగుతూ, “ఆ దృశ్యం చూడగానే నా మనసు ఆనందంతో పరవళ్లు తొక్కింది” అని ఒకే గొంతుతో వల్లిస్తుంటారు. ‘తొక్కింది’ దగ్గర ఎవరైనా కునుకు తీస్తే ఇన్‌ఛార్జి వచ్చి బల్ల మీద కర్రతో కొడతాడు. వెంటనే ఆ మనసు మళ్లీ మొదటినుంచి పరవళ్లు తొక్కుతుంది. అందరూ ఒకే మిత్రుడికి లేఖ రాస్తారు, ఆ మిత్రుడు అందరి లేఖలోనూ క్షేమంగానే ఉంటాడు, అందరూ కిందటి వారమే ఒకే విహారయాత్రకు వెళ్లివచ్చి ఉంటారు. లేఖ చివర సంతకం చోట, పరీక్ష నిబంధన ప్రకారం, ‘ఇట్లు, నీ ప్రియమిత్రుడు’ అని రాసి పేరుకు బదులు నాలుగు ఇంటూ గుర్తులు వేస్తారు. ఆ లేఖ మొత్తంలో నిజం చెప్పినది ఆ నాలుగు గుర్తులేనని నా అభిప్రాయం.

ఇంత చక్కటి విధానం పాఠశాలలకే పరిమితం కావడం బాధాకరం. మన అవధానాలకు కూడా దీన్ని వర్తింపజేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఇప్పటి అవధానం పద్ధతీ పాడూ లేకుండా జరుగుతోంది. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు అర్థం పర్థం లేని ఒక పాదాన్ని అవధాని మీదికి విసురుతాడు; దత్తపది వారు సంబంధం లేని నాలుగు పదాలు ఇచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటారు; నిషిద్ధాక్షరి ఆయనైతే ఏ అక్షరం వేయబోతున్నాడో కనిపెట్టి దాన్నే వద్దంటాడు. అవధానికి ఎంత మానసిక ఒత్తిడి! ఇకమీదట సమస్యలన్నీ ప్రశ్ననిధి నుంచే రావాలి. నమూనా అవధానం మూడు నెలల ముందే విడుదల చేయాలి. నిషిద్ధాక్షరిలో నిషేధించబోయే అక్షరాల జాబితాను వెబ్‌సైటులో పెట్టాలి. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడానికి మధ్యమధ్య అడ్డం వచ్చే అప్రస్తుత ప్రసంగం సిలబస్‌లో లేని అంశం కనుక దాన్ని రద్దు చేయాలి. అవధాని లెక్కపెట్టుకోవలసిన ఘంటను కొట్టే ఆయన ఎన్నిసార్లు కొడతాడో ముందే ప్రకటించాలి. సభలో ఎవరైనా ‘ఆహా’ అంటే, ఆ ‘ఆహా’కు దారితీసిన చమత్కారం కీలో ఉందో లేదో అధ్యక్షులవారు చూసి, లేనిపక్షంలో సగం మార్కులు కోయాలి. అవధాని తనకు తోచిన పద్యం చెబితే ‘పాయింట్లు లేవు’ అని ఎర్ర సిరాతో రాసి కూర్చోబెట్టాలి. ఈ పద్ధతే అమలులో ఉండి ఉంటే తిరుపతి వేంకట కవులు శతావధానాలంటూ ఊరూరా తిరిగే శ్రమ తప్పి, ఏదో ఒక కార్పొరేట్ కాలేజీ బ్రాంచిలో తెలుగు విభాగం చూసుకుంటూ స్థిరపడి ఉండేవారు.

అవధానంలోనూ ధారణ ఉంది కదా, అదీ బట్టీయే కదా అని గైడు పక్షం వారు అడగవచ్చు. ఉంది. అయితే సభ చివర అవధాని ధారణ చేసేది తాను అప్పటికప్పుడు కట్టిన పద్యాలను. మన పిల్లలకు కట్టే పని తప్పించి ధారణ ఒక్కటే మిగిల్చాం, అదీ ఇంకొకరు కట్టినదానికి.

ప్రాజెక్టు పనుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. థర్మోకోల్ అగ్నిపర్వతాలు ఏ స్టేషనరీ దుకాణంలో ఎంతకు దొరుకుతాయో పాఠకులకు నాకంటే బాగా తెలుసు. ప్రాజెక్టులకూ, పిల్లల భాగస్వామ్యానికీ, రాతపనులకూ, స్లిప్ టెస్టుకూ కలిపి అంతర్గత మార్కులు ఇరవై అన్నారు. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేసుకుంటూ పోయాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతిలో ఆ ఇరవైనీ ఎత్తివేసింది. జ్వరం తగ్గడం లేదని థర్మామీటరు పారేయడం కూడా ఒక రకం సృజనాత్మకతే.

ఇక అసలు విషయం. నాకు తెలిసిన ఒక తొమ్మిదో తరగతి పిల్ల ఇటీవల తన తెలుగు నోట్సు తెచ్చి చూపించింది. ‘చెట్టు ఆత్మకథ’ రాయమన్నారు. గైడులోని చెట్టు ఎలా మాట్లాడుతుందో మనకు తెలిసిందే: అది నీడనిస్తుంది, పండ్లనిస్తుంది, ప్రాణవాయువునిస్తుంది, చివరన ‘వృక్షో రక్షతి రక్షితః’ అని సెలవు తీసుకుంటుంది. ఈ పిల్ల తమ వీధి మలుపులో ఉన్న కానుగ చెట్టు గురించి రాసింది. ఏటా ఎండలు ముదరకముందే కరెంటు వాళ్లు వచ్చి తీగలకు తగులుతున్నాయని ఒకవైపు కొమ్మలన్నీ కొట్టేస్తారట. అందుకే ఆ చెట్టు ఎప్పుడూ ఎవరినో వెనక్కి తిరిగి పిలుస్తున్నట్టు ఒకపక్కకు ఒరిగి ఉంటుందట. దాని ఒంటికి మేకులు కొట్టి ఎవరో ట్యూషన్ బోర్డు తగిలించారు. ఆ చెట్టు చేత పిల్ల అనిపించిన మాట ఇది: “టెన్త్ ఫెయిలా అని నా మీద రాశారు. నేను ఏ పరీక్షా రాయలేదు. నాకెందుకు కొట్టారు మేకులు?”

ఆ మాట మీదుగా ఎర్ర గీత అడ్డంగా పోయింది. పక్కన ‘పాయింట్స్ లేవు, గైడు చూడుము’ అని ఉంది. ఎనిమిదికి మూడు.

ఇంతవరకు నవ్వుతూ రాసుకొచ్చాను, ఇక్కడ నా వల్ల కావడం లేదు. పద్నాలుగేళ్ల పిల్ల రోజూ నడిచే దారిలో చెట్టును తలెత్తి చూసి, దాని నొప్పి ఇదీ అని తన భాషలో మొదటిసారి ఒక వాక్యం చెప్పుకుంటే, దాన్ని కొట్టేసే హక్కు మీకు ఎవరిచ్చారు? ఆ వాక్యం కోసమే కదా వాచకంలో ఆ శీర్షిక పెట్టింది! ఆ ఉపాధ్యాయురాలిని తిట్టి ఊరుకోవడం తేలిక. నేను ఆ పని చేయను. ఏ రోజు ఏ పేజీ ముగియాలో ఆమె చేతిలో మైక్రో షెడ్యూలు పెట్టి, అరవై నోట్సులు దిద్దడానికి ఒక్క పీరియడు ఇచ్చి, గైడుకు భిన్నంగా దిద్దితే కోఆర్డినేటరు ముందు సంజాయిషీ చెప్పించే యాజమాన్యాలున్నాయి, వాటిని తిట్టాలి. ప్రభుత్వ బడిలో పాఠం చెప్పవలసిన మనిషి చేత మరుగుదొడ్డి ఫోటోలు తీయించి యాప్‌లో ఎక్కించిన అధికారులున్నారు, వారిని తిట్టాలి. మా అబ్బాయికి తొంభై అయిదే వచ్చాయేమని పేరెంట్స్ మీటింగులో నిలదీసి, వాడు ఈ ఏడాది సొంతంగా ఒక్క పేజీ అయినా రాశాడా అని అడగని తల్లిదండ్రులున్నారు. వారిని ఏమనాలో నాకు తెలియడం లేదు, ఎందుకంటే వారంతా ఈ వ్యాసం చదివి ‘బాగా రాశారు’ అంటారు.

చేతకాక ఇలా జరుగుతోందని ఎవరూ అనుకోకూడదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల వారు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి కార్డు వారు తీసుకుని, ఎవరి వేగంతో వారు చదువుకుంటూ పోతారు. అది తమిళనాడు దాకా వెళ్లి, అక్కడి ప్రభుత్వ బడుల్లోకి ప్రవేశించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా 29వ సెక్షన్‌లో పిల్లలు కృత్యాల ద్వారా, శోధిస్తూ, తామే కనుగొంటూ నేర్చుకోవాలని స్పష్టంగా చెప్పింది. చట్టానికి మాత్రం ఇంతవరకు గైడు రాలేదు, బహుశా అందుకే ఎవరూ చదవలేదు.

కనుక విద్యాశాఖ వారికి నా విన్నపం చిన్నది. వచ్చే ముద్రణ నుంచి సృజనాత్మకత ప్రశ్న కిందనే దాని సమాధానాన్ని కూడా వాచకంలో అచ్చు వేయించండి. ప్రభుత్వ బడి పిల్లలకు వాచకం ఉచితం, గైడుకు మాత్రం తండ్రి కూలి డబ్బులోంచి తీసి ఇవ్వాలి. సొంత మాటలు కొనుక్కునే ఆ ఖర్చయినా వాళ్లకు మిగులుతుంది. కానుగ చెట్టు పిల్లకు కోసిన అయిదు మార్కులు ఎవరిని అడగాలో కూడా అదే ఉత్తర్వులో తెలియజేయగలరు.